రెండు నిమిషాలకో టిక్కు

ఎలుగుబంటిని చూస్తూ కూర్చుంటే డిగ్రీ ఇస్తారని ముందే తెలిసుంటే, ఆ జూలో ఎలుగుల కీపరు ఎప్పుడో పట్టా పుచ్చుకుని గోడకు తగిలించుకునేవాడు. ఆ మాట ఆయన రోజుకొకసారైనా పైకి అనేవాడు. ఎవరిని ఉద్దేశించి అంటున్నాడో అక్కడ అందరికీ తెలుసు. గాజు కిటికీ పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, అట్టకు బిగించిన కాగితం మీద పెన్సిలుతో టిక్కులు పెట్టే అమ్మాయిని. వచ్చిన మొదటి వారంలోనే ఆమెకు టిక్కులమ్మ అని పేరు పెట్టేశారు. పెళ్లై, మూడేళ్లు నిండబోతున్న పిల్లాడున్న మనిషిని అలా పిలవచ్చా అని ఎవరూ ఆలోచించలేదు. ఆమె కూడా పలికేసింది. అందుకని మనమూ అలాగే పిలుచుకుందాం.

టిక్కులమ్మ యూనివర్సిటీలో చదివేది జంతు ప్రవర్తన శాస్త్రం. వరసగా సాగిన చదువు కాదది. పెళ్లికి ఒకసారి ఆగింది, కాన్పుకు ఇంకోసారి ఆగింది. మళ్లీ చేరినప్పుడు ఆఫీసు గుమాస్తా ఆమెతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఈ ఏడాది పూర్తి చేయకపోతే ఇక చేర్చుకోమని దాని సారాంశం. పాఠాలు అయిపోయాయి, పరీక్షలు గట్టెక్కాయి. మిగిలింది జూలో పని ఒక్కటే. ఒక జంతువును నూట ఇరవై గంటలు గమనించాలి. గంటకో కాగితం నింపాలి. ప్రతి కాగితం మీదా కీపరు సంతకం ఉండాలి. గడువులోపల నూట ఇరవై కాగితాలూ, వాటి మీద రాసిన రిపోర్టూ ఇస్తే డిగ్రీ వస్తుంది. ఒక్కటి తక్కువైనా ఇన్నేళ్ల చదువూ నీళ్లపాలు.

ఆమె వంతుకు వచ్చింది పంతొమ్మిదేళ్ల ఆడ ఎలుగు. బొచ్చు చిక్కులు పడి, అక్కడక్కడ రంగు వెలిసి, దండెం మీద ఆరేసిన పాత బొంతలా ఉంటుంది. అందుకే దాన్ని బొంత అనేవారు. బొంత ఉండే ఆవరణ పెద్దదేం కాదు. ఒక సిమెంటు గట్టు, ఒక నీళ్ల తొట్టి, గోకుకోవడానికి పాతిన దుంగ, వెనక గోడకు మేత గదిలోంచి తెరుచుకునే ఇనప తలుపు, అంతే. ఆ తలుపు కరెంటుతో పైకి లేస్తుంది. లేవబోయే ముందు టిం టిం అని మోగుతుంది, ఎవరైనా అడ్డం ఉంటే తప్పుకోవడానికి. ఆ తరవాత క్యారెట్లూ యాపిల్ ముక్కలూ లోపలికొస్తాయి.

గమనించే పద్ధతి సులువే. జంతువు చేసే పనులన్నిటికీ ముందే పట్టిక ఉంటుంది. పడక, కూర్చోవడం, తిండి, వాసన చూడటం, గోకుకోవడం, నడక, చివరికి తచ్చాట. తచ్చాట అంటే ఒకే దారిన అటూ ఇటూ, అటూ ఇటూ తిరుగుతూ ఉండటం. చోటు చాలక, తోచక తిరిగే తిరుగుడు అది. రెండు నిమిషాలకోసారి టైమరు మోగుతుంది. మోగిన క్షణంలో జంతువు ఏం చేస్తుంటే ఆ గడిలో టిక్కు పెట్టాలి. మధ్యలో అది పిల్లిమొగ్గలు వేసినా లెక్కలోకి రాదు. గంటకు ముప్ఫై టిక్కులు.

టైమరు చప్పుడు బయటికి వినపడకూడదు, జేబులో వైబ్రేషన్‌లోనే ఉండాలి అని కూడా నియమం ఉంది. టిక్కులమ్మకు ఆ నియమం తెలుసు. తెలిసే ఫోను కిటికీ అంచు మీద పెట్టి, సౌండు పూర్తిగా పెంచేది. కిందటేడు ఒకరోజు క్లాసులో ఫోను వైబ్రేషన్‌లో పెట్టి సంచిలో వేసుకుంది. బయటికొచ్చి చూసుకుంటే అత్తగారి నుంచి పద్నాలుగు కాల్స్. కొడుకు బుజ్జోడికి జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయి. ఆమె ఆస్పత్రికి పరుగెత్తేసరికి వాడు లేచి కూర్చుని నర్సు పెన్ను నమిలేస్తున్నాడు. ఈ వయసు పిల్లల్లో ఇది మామూలేనమ్మా, భయపడకండి అన్నాడు డాక్టరు. వాడు ఆ సంగతే మర్చిపోయాడు. ఆమె ఫోను మాత్రం ఆ రోజు నుంచి ఎప్పుడూ గొంతు తగ్గించలేదు.

కాబట్టి రెండు నిమిషాలకోసారి కిటికీ దగ్గర టిం టిం అని మోగేది. టిక్కులమ్మ తలెత్తి, చూసి, టిక్కు పెట్టి, మళ్లీ తల వంచి ఇంటికి మెసేజీ కొట్టేది. తిన్నాడా? పడుకున్నాడా? ముక్కు కారుతోందా? అత్తగారు చాలావాటికి "ఆ" అని ఒక్క అక్షరం పంపేది. విసుగు పుట్టినప్పుడు "బతికే ఉన్నాడు" అని రాసేది.

వారానికి మూడు పొద్దుటిపూటలు, పూటకు నాలుగు గంటలు. అలా ఏడు వారాలకు ఎనభై నాలుగు కాగితాలు నిండాయి. టిక్కులమ్మ అంకెలు కూడి, ఎందుకైనా మంచిదని మళ్లీ కూడి, యూనివర్సిటీకి వెళ్లి తన పనిని చూసే మేడమ్ ముందు పెట్టింది.

"తచ్చాట నూటికి నాలుగా?" మేడమ్ కళ్లజోడు పైకి తోసుకుంది. "ఆ ఇరుకులో, ఆ వయసు ఎలుగుకు? ఆశ్చర్యంగా ఉంది. సరే, మంచిదే. చెరువున్న కొత్త ఆవరణ ఏ జంతువుకివ్వాలో జూ కమిటీ తేల్చబోతోంది. నీ అంకెలు అడిగారు. ఎలుగుకు అంత తొందరేం లేదని చెప్పేద్దాం."

టిక్కులమ్మ చెవిన పడింది "మంచిదే" అన్న మాట ఒక్కటే.

కబురు ఆమెకంటే ముందే జూకి చేరింది. మర్నాడు, వంతు లేకపోయినా ఖాళీ కాగితాల కోసం వచ్చిన ఆమెకు కీపరు బకెట్టుతో ఎదురొచ్చాడు.

"ఏం టిక్కులమ్మా, బొంతకు ఏ బాధా లేదని రాశావంట?"

"బాధ అని రాయం బాబాయ్. తచ్చాట అని రాస్తాం. నూటికి నాలుగే."

"నాలుగా? గోడ వెంబడి నేల చూశావా? సిమెంటు అరిగి గాడి పడింది. ఆ గాడి నువ్వు తొక్కావా, నేను తొక్కానా?"

"పాతదేమో. నేను ఎనభై నాలుగు గంటలు చూశాను కదా."

"నేను అది పాలు తాగే పిల్లగా ఉన్నప్పట్నుంచీ చూస్తున్నా."

"మీరు చూసింది కాగితం మీద లేదుగా బాబాయ్."

అన్నాక ఆమెకే నోరు జారిందనిపించింది. కీపరు బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "నిజమేలే, నా కళ్లకు గడుల్లేవు" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వంతు ఉన్న రోజు పొద్దున బుజ్జోడు ఫోను తీసుకుని మంచం కిందికి దూరాడు. అక్కడ గంటసేపు ట్రాక్టర్లు చూసి, బ్యాటరీ అడుగంటించి తెచ్చిచ్చాడు. జూ గేటు దగ్గరికొచ్చేసరికి ఫోను చచ్చిపోయింది. టిక్కులమ్మ అక్కడే ఆగిపోయింది. వెనక్కి వెళ్లిపోదామా అనుకుంది. చివరికి జూ ఆఫీసు ఫోను నుంచి అత్తగారికి చేసి, ఏదైనా ఉంటే ఈ నంబరుకు చేయండి అని రెండుసార్లు చెప్పింది.

"ఫోను పోతే ప్రాణం పోయినట్టు మాట్లాడతావేం?" అంది అత్తగారు. "పని చూసుకో."

మేత గది తలుపు మీద గోడ గడియారం ఉంది. దాని సెకన్ల ముల్లు చూసుకుంటూ టిక్కులు పెట్టడం మొదలుపెట్టింది. మెసేజీలు పంపడానికి లేదు. తల వంచుకుని చూసేందుకు ఏమీ లేదు. ముల్లు రెండు చుట్లు తిరిగేదాకా ఎదురుగా ఉన్నదాన్నే చూడాలి. ఎదురుగా ఉన్నది బొంత.

బొంత గోడ వెంబడి నడుస్తోంది. తొమ్మిది అడుగులు. దుంగ దగ్గర ఆగకుండానే తల ఒక్కసారి పక్కకు విసిరి, ఎడమ వెనక కాలు నేల మీద ఒక పగులులో పెట్టి, తిరిగి, మళ్లీ తొమ్మిది అడుగులు. ప్రతిసారీ అదే పగులు. ఇంచీ తేడా లేదు. మొదటి గంటలో ముప్ఫై గడులకు పంతొమ్మిది తచ్చాటే. నాలుగు గంటలయ్యేసరికి నూట ఇరవై గడుల్లో డెబ్భై ఒకటి.

టిక్కులమ్మ అట్ట అక్కడే పడేసి మేత గదిలోకి పరుగెత్తింది. "బాబాయ్, బొంతకు ఒంట్లో బాలేదు. డాక్టర్ని పిలవండి."

"ఏమైంది?" కీపరు కత్తి కింద పెట్టాడు.

"పొద్దున్నుంచీ తిరుగుతూనే ఉంది. ఆగడం లేదు."

కీపరు మళ్లీ కత్తి అందుకున్నాడు. "వేళాకోళమా?"

"ఒట్టు బాబాయ్."

"రోజూ ఇంతే కదా తల్లీ. నీ ఫోను మోగినప్పుడు మాత్రం ఆగుతుంది. టిం టిం అనగానే తలుపు లేస్తుందనుకుని అటు తిరిగి నిలబడుతుంది. లేవదు. మళ్లీ తన దారి తనది."

టిక్కులమ్మకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడున్న బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. "మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పేదేముంది? మీ చదువుల్లో అలా ఆపి చూస్తారేమో అనుకున్నా. ఆపుతున్నావు, చూస్తున్నావు, టిక్కు పెడుతున్నావు. పద్ధతేమోననుకున్నా."

ఆ తర్వాతి వంతున ఆమె ఒక గంట ఫోను సౌండుతో, ఒక గంట సౌండు లేకుండా, మళ్లీ సౌండుతో, మళ్లీ లేకుండా చూసింది. సౌండు ఉన్న గంటల్లో తచ్చాట ఒకటి, రెండు. లేని గంటల్లో పంతొమ్మిది, పద్దెనిమిది. టిం అన్న ప్రతిసారీ బొంత నిలబడింది, ఇనప తలుపు కేసి మూతి చాపింది, ఇరవై సెకన్లు వేచింది, మళ్లీ నడిచింది. అన్ని వారాలూ ఆ ఇరవై సెకన్లనే టిక్కులమ్మ చూసింది. మిగతా వంద సెకన్లూ ఆమె కళ్లు బుజ్జోడి ముక్కు మీద ఉన్నాయి.

ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. కీపరు దాన్ని పద్ధతనే అనుకుంటున్నాడు. మేడమ్ జూకి వచ్చి నెలన్నర దాటింది. కాగితాలన్నిటి మీదా సంతకాలున్నాయి. ఇంకో ముప్ఫై గంటలు అదే చప్పుడుతో కూర్చుంటే పని అయిపోతుంది, డిగ్రీ వస్తుంది. టిక్కులమ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడోరోజు మేడమ్ గది తలుపు తట్టింది. అది మంచితనం అనుకుంటే అనుకోవచ్చు గానీ అంత దూరం వెళ్లక్కర్లేదు. అబద్ధం మోయాలంటే నిబ్బరం కావాలి. పిల్లాడు తుమ్మితే ఉలిక్కిపడే మనిషి, ఎవరో ఒకరు ఆ కిటికీ దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు బయటపడిపోతుందన్న భయాన్ని ఏళ్ల తరబడి మోయలేదు.

"మేడమ్, నా టైమరు బయటికి మోగింది."

"ఎన్నిసార్లు?"

"అన్నిసార్లూ."

మేడమ్ రాస్తున్న పెన్ను ఆపింది. టిక్కులమ్మ నాలుగు గంటల పరీక్ష కాగితాలు బల్ల మీద పెట్టింది. మేడమ్ చూసింది, మళ్లీ చూసింది.

"ఇలా మార్చి మార్చి చూడమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్."

"అన్ని వారాల్లో నువ్వు చేసిన అసలు పని ఇదొక్కటే. గంటల లెక్కకు మాత్రం ఇదీ పనికిరాదు." మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అంత గట్టిగా ఎందుకు పెట్టావసలు?"

"పిల్లాడి కోసం మేడమ్. ఇంటి నుంచి ఫోనొస్తే వినపడాలని."

"ఎన్ని వచ్చాయి?"

టిక్కులమ్మ గుర్తు తెచ్చుకుంది. "ఒకటి. కత్తెర ఎక్కడుందని."

మేడమ్ నవ్వలేదు. "ఫోను చచ్చిపోయిన రోజు నాలుగు గంటలు ఉంచుకో. మిగతా ఎనభై ఎనిమిదీ రద్దు. గడువు నా చేతిలో లేదు. ఇంకా ఎన్ని రోజులుంది?"

"పంతొమ్మిది."

"రోజుకు ఆరు గంటలు, రెండు రోజులు మాత్రం ఏడు. మధ్యలో సెలవు లేదు. ఫోను లాకరులో పెట్టాలి. చేతికి కట్టుకునే టైమరు మన దగ్గరుంది, చప్పుడు చేయదు. అవుతుందా?"

"అవుతుంది మేడమ్."

అనేసి మెట్లు దిగుతుంటే అప్పుడు గుర్తొచ్చింది, ఆ మాట చెప్పాల్సింది తనొక్కతే కాదని.

ముందు కాగితాల పని. రద్దైన ప్రతి కాగితం మీదా అడ్డంగా గీత కొట్టి, పక్కన కీపరు మళ్లీ సంతకం పెట్టాలి. మేత గదిలో క్యారెట్లు పక్కకు జరిపి ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఆమె గీత కొడుతోంది, ఆయన పెడుతున్నాడు. కీపరు సంతకంలో ఇంటిపేరు, తండ్రిపేరు, తనపేరు మూడూ పూర్తిగా ఉంటాయి.

"మా నాన్నకు ఈ రోజు వస్తుందని తెలిసుంటే చిన్న పేరు పెట్టేవాడు," అన్నాడు ఇరవయ్యో కాగితం దగ్గర. నలభై దాటాక వేళ్లు విరుచుకుని, "టిక్కులమ్మా, ఇదంతా నేను ఆ మాట చెప్పినందుకేనా?" అని అడిగాడు.

"ముందే చెప్పనందుకు."

కీపరు నవ్వాపుకోలేక దగ్గాడు. "సరే, ఇటియ్యి. ఇంకా ఎన్ని?"

"నలభై ఆరు."

"నీకు చదువొచ్చేలోపు నాకు చెయ్యి పోతుంది."

ఇంట్లో సంగతి అంత నవ్వుల్లో తేలేది కాదు. టిక్కులమ్మ భర్త లిఫ్టు మెకానిక్కు. పొద్దున వెళ్తే ఎక్కడో ఏ అంతస్తులోనో ఎవరో ఇరుక్కుంటారు, ఈయన సాయంత్రానికి గానీ తేలడు. అత్తగారు మధ్యాహ్నం దాకా మనవణ్ని చూసుకుని, రెండింటికి తన కుట్టు కొట్టు తెరుచుకునేది. ప్యాంట్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం ఆమె పని. ముప్ఫై ఏళ్లుగా ఆ కొట్టు ఒక్క మధ్యాహ్నం మూసి ఎరగదు.

"అత్తయ్యా, ఇంకో పంతొమ్మిది రోజులు వాణ్ని సాయంత్రం దాకా చూడాలి."

"ఎవరు?"

"మీరే."

"నాకు పనీ పాటా లేదనుకున్నావా? ఎలుగుబంటికి నువ్వు ఆయావి, నీ కొడుక్కి నేను ఆయాని. మరి నా కొట్టుకెవరు ఆయా?"

"మళ్లీ మొదట్నుంచీ చూడాలత్తయ్యా."

"ఇన్నాళ్లూ చూశావుగా. ఎలుగు మారిపోయిందా?"

"నేనే సరిగ్గా చూడలేదు."

అత్తగారు పంటి కింద దారం తెంపబోయి ఆగింది. "ఆ మాట వాళ్ల దగ్గర ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నాను."

"నా దగ్గర ఒక్కనాడూ ఒప్పుకోలేదు ఏదీ." దారం తెంపింది. "సరే. కొట్టుకే తీసుకుపోతా. కత్తిరింపు బల్ల కింద కూర్చోబెడతా. గుడ్డముక్కలుంటాయి, బొత్తాలుంటాయి, ఆడుకుంటాడు."

"బొత్తాలు మింగేస్తాడత్తయ్యా!"

"నీ మొగుణ్ని ఆ బల్ల కిందే పెంచా."

"నేనొకటి మింగానమ్మా," అన్నాడు భర్త, చొక్కా విప్పుకుంటూ.

"మర్నాడు వచ్చేసిందిగా. కడిగి కుట్టేశాను కూడా."

"ఎవరి చొక్కాకి?"

"నీకెందుకు? వాళ్లు బాగానే ఉన్నారు."

అలా ఆ పంతొమ్మిది రోజులూ మొదలయ్యాయి. ఫోను లాకరులో, తాళం చెవి మెడలో. మణికట్టు మీద పట్టీ రెండు నిమిషాలకోసారి చీమ పాకినట్టు కదిలేది. మొదటిరోజు కదిలినప్పుడల్లా ఆమె చెయ్యి కిటికీ అంచు మీదికి వెళ్లి ఉత్త గట్టును తడిమి వెనక్కొచ్చేది. రెండోరోజు మూడుసార్లు లాకరు దాకా నడిచింది, తియ్యలేదు. నాలుగోరోజుకు బొంత నడక ఆమెకు నోటికి వచ్చేసింది. మేతకు ముందు గంట ఎక్కువ తిరుగుతుంది. వాన పడితే తక్కువ. కీపరు గొంతు వినపడితే ఆరు అడుగులకే తిరిగిపోతుంది. తొట్టిలో నీళ్లు మార్చిన రోజు గంటన్నర సేపు ఒక్కసారి కూడా గోడ దగ్గరికి పోలేదు, తొట్టిలో ముందుకాళ్లు వేసుకుని నీళ్లను కొడుతూ కూర్చుంది. ఇవన్నీ మొదట్నుంచీ అక్కడ జరుగుతున్నవే. ఆరోరోజున ఒక గంటసేపు బుజ్జోడు ఆమెకు గుర్తు రాలేదు. గుర్తు రాలేదన్న సంగతి గుర్తొచ్చి ఉలిక్కిపడింది. అయినా ఆ గడిలో టిక్కు పెట్టే కింది గడికి వెళ్లింది.

పన్నెండోరోజు సాయంత్రం లాకరు తీస్తే అత్తగారి కాల్ ఒకటి ఉంది. రెండూ ఇరవై. ఒక్కటే. తిరిగి చేస్తే, "కొట్టుకి రా, కంగారేం లేదు" అని పెట్టేసింది. కంగారేం లేదన్న మాట వింటే ఎవరికైనా కంగారే.

బుజ్జోడు బల్ల కింద కూర్చుని బొత్తాలు వరస పెడుతున్నాడు. గడ్డానికి తెల్లటి పట్టీ. తల్లిని చూసి, "అమ్మా, కుట్లు," అన్నాడు గొప్పగా, మూడు వేళ్లు చూపించబోయి నాలుగు చూపించి.

"మిషను కాలు తట్టుకుని పడ్డాడు," అంది అత్తగారు, చేతిలో ప్యాంటు వదలకుండా. "మూడు కుట్లు. పక్క వీధి డాక్టరు వేశాడు. నెత్తురు వచ్చినంత దెబ్బ లేదు."

"ఆఫీసు నంబరు ఇచ్చాను కదత్తయ్యా! దానికి చేయొచ్చుగా?"

"చేసి? నువ్వొచ్చి కుట్లు వేస్తావా? నీ ఫోనుకు చేశాను. ఎత్తవని తెలిసే చేశాను. చెప్పలేదన్న మాట రాకుండా."

"ఏడ్చాడా?"

"గడ్డం పగిలితే ఏడవడా? నిన్ను పిలిచాడు కూడా. నీ మనసు కోసం నేను అబద్ధం చెప్పను." అత్తగారు ఒక కుట్టు వేసి, ఒక్క క్షణం ఆగి, "తరవాత డాక్టరు చేతి తొడుగులో గాలి ఊది ఇచ్చాడు. అప్పుడు నన్ను కూడా మర్చిపోయాడు," అంది.

టిక్కులమ్మ వాణ్ని ఒళ్లోకి లాక్కుని పట్టీ చుట్టూ వేలితో తడిమింది. వాడు విదిలించుకుని బొత్తాల దగ్గరికి పోయాడు. ఆమె సంచిలోంచి ఆ రోజు కాగితాలు తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియదు. రెండూ ఇరవై గడిలో తచ్చాట. ఇరవై రెండులో తచ్చాట. ఇరవై నాలుగులో కూర్చోవడం. మూడు టిక్కులూ నిటారుగా, ఒకే పొడుగున ఉన్నాయి. కాగితాలు మడవకుండా మళ్లీ లోపల పెట్టింది.

"రేపు..." అంది.

"రేపేంటి? రేపు కూడా ఆరు గంటలు ఉందిగా." అత్తగారు మిషను కాలు చూపించింది. దానికి దళసరి గుడ్డ చుట్టి, తాడుతో బిగించి ఉంది. "వెళ్లు. ఎనిమిదింటికల్లా వాణ్ని తయారుచేసి నాకిచ్చి వెళ్లు."

మర్నాడు వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది. పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండున్నరకు కీపరు నూట ఇరవయ్యో కాగితం మీద తన పొడుగాటి పేరు పెట్టి, పెన్ను మూత బిగించి, "ఇంక నన్ను వదిలెయ్ తల్లీ," అన్నాడు. తచ్చాట నూటికి యాభై ఏడు తేలింది. ఆయన ఆ అంకె విన్నాడు. బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లి, ఆ రోజు బొంతకు యాపిళ్లు ఎక్కువ వేశాడు.

రిపోర్టు ముందే రాసి ఉంచుకుంది. అంకెలు నింపి మేడమ్‌కు ఇచ్చింది. అందులో ఒకచోట, మొదటి గంటలు ఎందుకు రద్దయ్యాయో ఒక వాక్యం ఉండాలి. మేడమ్ అక్కడికొచ్చి ఆగింది.

"మొదటి ఎనభై ఎనిమిది గంటలూ పరిశీలకురాలు జంతువును చూడలేదు. ఇదేమిటి? అక్కడే కూర్చున్నావుగా?"

"కూర్చున్నాను మేడమ్."

"మరి?"

"చూడలేదు మేడమ్."

మేడమ్ ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో రాసింది. టైమరు శబ్దానికి జంతువు స్పందించినందున. "ఇలా రాయాలి. నువ్వు రాసిందాన్ని ఎవరూ కొలవలేరు."

"సరే మేడమ్."

ఆమె ఆ పేజీ మళ్లీ తిరగరాసి ఇచ్చింది. మేడమ్ కాగితాలు వేలు తడుపుకుంటూ లెక్కపెట్టింది. నూట ఇరవై. ముద్ర తీసి, సిరా అంటించి, రిపోర్టు మొదటి పేజీ మీద గట్టిగా నొక్కింది.

"కమిటీకి కొత్త అంకె పంపాను. సమావేశం వచ్చే నెలకు వాయిదా వేశారు. ఆవరణ ఎలుగుకే రావచ్చు, రాకపోవచ్చు. నీ పని మాత్రం అయిపోయింది. మార్కుల జాబితా వారంలో వస్తుంది." తల పైకెత్తి, "ఇంకా నిలబడ్డావేం?" అంది.

"ఏం లేదు మేడమ్."

గోడ మీద టైము నాలుగూ పది. బుజ్జోడికి కుట్లు విప్పించాలి. డాక్టరు ఐదింటికల్లా గది మూసేస్తాడు. వాణ్ని కొట్టులోంచి తీసుకోవాలి, తొడుగు బుడగ ఇస్తేనే కూర్చుంటానని వాడు పొద్దున్నే చెప్పాడు. టిక్కులమ్మ సంచి భుజాన వేసుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగింది.